టాగర్ట్ మేస్త్రీ బల్ల

భూగోళం దక్షిణపు సగాన ఉన్న లాన్సెస్టన్‌లో నది ఒడ్డున ఒక పాత ఉన్ని గోదాము ఉండేది. దాని పై అంతస్తులో, గొలుసు బావి పక్కనున్న చివరి బల్ల దగ్గరికి చీకటి పడ్డాక ఒంటరిగా ఎవరూ వెళ్ళేవారు కారు.

ఆ గోదామును ఒక విశ్వవిద్యాలయం వారు కొని, ఆర్కిటెక్చర్ విద్యార్థులకు స్టూడియోగా మార్చారు. నేను అక్కడ పందొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పాను. భవన నిర్మాణం నా విషయం, దెయ్యాలు కావు. కాబట్టి ఈ సంగతి నా దాకా ఎలా వచ్చిందో ముందుగా సక్రమంగా మనవి చేసుకోవడం న్యాయం.

ఇది నాకు రెండు ముక్కలుగా అందింది. మొదటి ముక్కను 1996లో, హ్యూయన్ లోయలోని ఒక పురపాలక కార్యాలయంలో, టీ తాగుతూ విన్నాను. చెప్పినది అక్కడ ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థిని రోస్లిన్ క్రిస్ప్. రెండో ముక్క చేరడానికి మరో ఎనిమిదేళ్ళు పట్టింది. అది చెప్పినది ఎవరో దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను. ఇద్దరికీ నాతో అబద్ధమాడే అవసరం లేదు. ఇద్దరూ కథలో సరిగ్గా ఒకే చోట ఆగిపోయారు... ఎడమ చెవి మీద అరచెయ్యి కప్పుకుని.

ముందు ఆ బల్ల సంగతి.

హెక్టర్ టాగర్ట్ అనే మేస్త్రీ ముప్పై ఏళ్ళపాటు అక్కడ నిలబడి ఉన్ని నాణ్యత తేల్చేవాడట. గోదాము పైకప్పు రంపపు పళ్ళలా ఉంటుంది. ఒక్కొక్క పంటికీ దక్షిణం వైపు అద్దం. ఆ పనికి ఎండ పనికిరాదు, నీడ కదలని వెలుగు కావాలి. టాగర్ట్ మూటలోంచి ఒక పోగు లాగి, రెండు చేతుల మధ్య బిగించి, ఎడమ చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటేవాడు. గట్టి ఉన్ని అయితే సన్నగా... టింగ్‌మని పలికేది. జబ్బు చేసిన గొర్రెది అయితే పుటుక్కున తెగేది.

తరువాత గీలాంగ్ అనే ఊరి నుంచి మరో మేస్త్రీ వచ్చాడు. వయసులో చిన్న, చెవి ఇంకా పదును. కొనుగోలుదారులు అతని ముద్ర ఉన్న మూటలే అడగసాగారు. ఒక రాత్రి టాగర్ట్ దీపం లేకుండా వచ్చాడు, ఆ కొత్తవాడి మూటల మీద ముద్రలు మార్చడానికి.

మర్నాడు అతను గొలుసు బావి అడుగున శవమై దొరికాడు. బావి అంటే నీళ్ళది కాదు — ఉన్ని మూటలను గొలుసుకు కట్టి కిందికి దింపే నిలువు సందు. మా కాలానికి దానికి చెక్కలు కొట్టి మూసేశారు.

మా వర్క్‌షాపు చూసుకునే మెర్విన్ టప్, ఏటా కొత్త విద్యార్థులకు రంపం పట్టడం నేర్పకముందే ఈ కథ చెప్పేవాడు. చివర ఒక్కటే మాట:

"ఆయన అందర్నీ పలకరించడు తల్లీ. కడుపుమంటతో వచ్చినవాళ్ళనే పలకరిస్తాడు."

రోస్లిన్ ఆపిల్ తోటల పిల్ల. తండ్రికి హ్యూయన్‌లో పళ్ళు పెట్టెలకెత్తే షెడ్డు ఉంది. నలుగురు అన్నదమ్ముల మధ్య పెరిగిన మనిషి. నోరు కొంచెం దురుసు, చెయ్యి చాలా నిదానం. ఆమె పక్క కుర్చీ జూడిత్ హెబ్డెన్‌ది. యార్క్‌షైర్ నుంచి పద్దెనిమిదో ఏట వచ్చి దిగిన అమ్మాయి.

మొదటి సంవత్సరంలో జూడిత్ గీసిన ఇల్లు నాకు ఇప్పటికీ గుర్తుంది. కిటికీలన్నీ దక్షిణానికి. వాళ్ళ దేశంలో ఎండ అటునుంచే వస్తుంది మరి. చదివిన పుస్తకాలు కూడా అక్కడివే. ఈ ఇంట్లో వాళ్ళు చలికి ఆగస్టు దాకా బతకరు అని, పనులు చూసి తీర్పు చెప్పే జ్యూరీలో ఎవరో అన్నారు. తరగతి అంతా గొల్లుమంది. నెల రోజులు ఆ పిల్ల పేరు 'దక్షిణం' అయిపోయింది.

అప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని పైకప్పు మీదికి లాక్కెళ్ళినది రోస్లిన్.

"ఒసే దొరసానీ, మీ ఊళ్ళో సూర్యుడు ఎటు తిరిగితే మాకేంటే? ఇక్కడ ఆయన ఉత్తరాన ఉంటాడు. ఇదిగో, చూడు."

ఒక కర్ర నిలబెట్టి, మిట్టమధ్యాహ్నం దాని నీడ ఎటు పడుతుందో చూపించింది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరిదీ ఒకటే బల్ల, ఒకటే జిగురు సీసా, వెజిమైట్ అనే ఉప్పటి నల్లముద్ద రాసిన రొట్టెలో చెరి సగం.

మూడో సంవత్సరానికి పరిస్థితి తలకిందులైంది. జూడిత్ గీత గీస్తే దాని చుట్టూ జనం మూగేవారు. ఆమె గదుల్లో ఎండ గోడ మీద పాకుతూ వచ్చి, పిల్ల కూర్చునే చోటికి సరిగ్గా వేళకు చేరేది. నేనే ఒకసారి నలుగురి ముందు అన్నాను — ఎండను ఇంత బాగా అర్థం చేసుకున్న విద్యార్థిని నేను చూడలేదని. రోస్లిన్ అక్కడే ఉంది. నేను ఆమె ముఖం చూడలేదు. చూడవలసింది.

"కర్ర పాతి నీడ చూపించింది నేను సార్," అంది పన్నెండేళ్ళ తరువాత, టీ కప్పులోకి చూస్తూ. "ఆ నీడతో మేడ కట్టింది అది. బయటివాళ్ళు గెలిస్తే ఏడుపు రాదు. మన జిగురు వాడుకుని గెలిస్తేనే వస్తుంది."

ఒకనాడు మందు కొట్టులో ఆమె కాస్త తాగి, ఏమే, నీకు అన్నీ ఎలా వస్తాయే అని జూడిత్‌ను ఎత్తిపొడిచిందట. జూడిత్ నవ్వలేదట.

"నీకేం, ఇక్కడ పుట్టావు. కళ్ళు మూసుకుని కూడా ఉత్తరం చూపిస్తావు. నేను ప్రతిసారీ లోపల లెక్కపెట్టుకోవాలి."

వెక్కిరిస్తోందనుకుంది రోస్లిన్.

చివరి పరీక్ష మా చలికాలం నడిమధ్య, 1984 జూన్‌లో వచ్చింది. ఫింగల్ లోయలో ఒక చిన్న పిల్లల బడి గీసి, నమూనా చెయ్యాలి. ఆ లోయలో చలికాలపు ఎండ రోజుకు నాలుగు గంటలే. గెలిచినవారికి హోబార్ట్‌లో ఒక పేరున్న ఆర్కిటెక్ట్ దగ్గర చోటు. ఉన్నది ఒక్క చోటే. రోస్లిన్ తండ్రి అప్పటికే చెప్పేశాడు: అది వస్తే సరి, లేకపోతే జూలైకి షెడ్డుకి వచ్చి పెట్టెలు పట్టు.

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. ఏడాదిలో అతి చిన్న పగలు ఏదో, ఆ రోజే తీర్పు. తెల్లవారకముందు, విద్యార్థులు మెట్ల మీద చలిలో కూర్చుని ఉండగా, ముగ్గురం న్యాయనిర్ణేతలం చీకటి స్టూడియోలోకి ఒక బ్యాటరీ దీపంతో వెళ్ళేవాళ్ళం. పేర్లుండవు, పటాలుండవు, నమూనాలూ వాటి అంకెలూ మాత్రమే. నమూనా అడుగు పలక మీద ఉత్తరం చూపే బాణం ఎటుంటే అటు, చలికాలపు సూర్యుడి ఎత్తులో దీపం పట్టాలి. తరగతి గదుల్లో వెలుగు పడిందా, ఉంచాలి. వీపు గోడ మీద పడిందా, పక్కన పెట్టాలి.

నమూనాలో కట్టడం నేల నుంచి విడిగా పైకి లేచి వచ్చేలా చెయ్యడం కూడా నియమమే, లోపలి గదులు చూడడానికి. పొడుగాటి కట్టడాన్ని లేపి, అటుది ఇటు తిప్పి పెడితే, అదే గుంటలో అంతే చక్కగా కూర్చుంటుంది.

ముందు రోజు సాయంత్రమే నమూనాలన్నీ వరుసగా చేర్చి తాళం వేశారు. చీట్లు తీస్తే రోస్లిన్‌ది మూడో అంకె, ముందు మెట్ల వైపు. జూడిత్‌ది పద్నాలుగు. చివరిది. టాగర్ట్ బల్ల మీద.

రాత్రి రెండు గంటలకు రోస్లిన్ వర్క్‌షాపులోకి దూరింది. స్టూడియో తాళంచెవులు రెండూ — ముందు మెట్లది, వెనక మెట్లది — మెర్విన్ మేకుకు తగిలించి ఉంచుతాడని అందరికీ తెలుసు. ఆ రాత్రి మేకుకు వెనక మెట్లది ఒక్కటే ఉంది. ముందుది ముసలాయన మరిచిపోయి ఇంటికి పట్టుకెళ్ళాడనుకుంది.

వెనక మెట్లు గొలుసు బావిని చుట్టుకుంటూ ఎక్కుతాయి.

పైకి చేరేసరికి నదిమీది పొగమంచు అద్దాలను కప్పేసింది. ఏమీ కనబడడం లేదు. ఆ నేల చెక్కల్లో వందేళ్ళ ఉన్ని జిడ్డు ఇంకి ఉంటుంది; పగలు తెలియదు, చలి రాత్రి మాత్రం తడి గొర్రె వాసన లేస్తుంది. చేతిరుమాలు చుట్టిన టార్చితో పద్నాలుగో అంకె వెతుక్కుంది.

జూడిత్ బడి... చేతిలో పట్టేంత బడి. రోస్లిన్ చాలాసేపు చూస్తూ ఉండిపోయిందట. కిటికీ గట్టు మీద ఎండలో కూర్చోవడానికి ఒక పిల్లకు సరిపడా అరుగు చేసింది జూడిత్. మొత్తం ఎనిమిది గదులకీ, ఎనిమిది అరుగులు.

"అంత బాగుంది కాబట్టే చేశాను సార్. బాగుండకపోతే వెనక్కి వచ్చేదాన్ని."

కట్టడాన్ని లేపింది. తిప్పింది. అడుగున నాలుగు చుక్కల జిగురు వేసి కూర్చోబెట్టింది. ఇక ఎనిమిది తరగతులూ దక్షిణపు కొండకేసి చూస్తాయి. ఎవరికీ అనుమానం రాదు. 'దక్షిణం' కదా, మళ్ళీ పాత తప్పే చేసింది అంటారు.

అప్పుడు... చప్పుడైంది.

గది అవతలి కొసన, చెక్క మీద ఒక అడుగు. ఆగింది. మళ్ళీ ఒక అడుగు.

టార్చి ఆర్పేసింది. ఊపిరి బిగబట్టింది. అవతల కూడా ఏదో... ఊపిరి బిగబట్టింది. దూరంగా గూడ్సు బండి వంతెన దాటుతోంది. అద్దాలన్నీ ఒక్కసారి గలగలలాడి ఊరుకున్నాయి.

ఆ తరువాతి నిశ్శబ్దంలో, ఎడమ చెవి పక్కన — వేలెడు దూరంలో —

టింగ్.

ఆమె మెట్లు ఎలా దిగిందో ఆమెకే గుర్తు లేదు.

తెల్లవారుజామున దీపం పట్టినది నేను. మా శాఖాధిపతి, హోబార్ట్ నుంచి వచ్చిన ఆర్కిటెక్ట్ నా వెనక నడిచారు. మూడో అంకె దగ్గర బాణం చూసి దీపం పట్టాను. వెలుగు వీపు గోడ మీద పడింది. పక్కన పెట్టించాను. చివర పద్నాలుగు. అదీ వీపు గోడే.

"ఇంగ్లాండ్ పుస్తకాలు తగలబెట్టించండయ్యా, మీ పిల్లలకు అంటుకుంటోంది," అన్నాడు హోబార్ట్ ఆయన.

అవును. రెండు నమూనాలు. జూడిత్‌దే కాదు, రోస్లిన్‌ది కూడా తిరిగి ఉంది.

విద్యార్థులను లోపలికి పిలిచి ఫలితం చదివారు. మా ఆచారం ప్రకారం శాఖాధిపతి మూడుసార్లు అడగాలి — ఎవరికైనా అభ్యంతరముందా అని. ఉంటే పటం తెచ్చి పక్కన పరిస్తే చాలు; అయిదు నిమిషాల్లో నిజం తేలుతుంది. మూడుసార్లూ అడిగారు. రోస్లిన్ తన నమూనాను చూసింది, పాలిపోయింది, నోరు విప్పలేదు. జూడిత్ తన నమూనాను చూసింది. ఆమె కూడా నోరు విప్పలేదు. ఒకరివైపు ఒకరు చూసుకోలేదు. విసురుగా వేరు వేరు మెట్లు దిగి వెళ్ళిపోయారు.

గెలిచినవాడు డగ్లస్ పీచీ. సగటు బడి గీసిన సగటు మనిషి. "నాకా?" అని రెండుసార్లు అడిగాడు.

రోస్లిన్ ఆ మర్నాడే హ్యూయన్ బస్సెక్కింది. తన పాపానికి టాగర్ట్ మేస్త్రీ అక్కడికక్కడే శిక్ష వేశాడని ఆమె నమ్మకం. శిక్ష మీద అప్పీలు ఎవరికి చేసుకోవాలి? పన్నెండేళ్ళపాటు ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పి, నా వరండా ప్లాను మీద ముద్ర వేసి ఇచ్చింది.

ఇక రెండో ముక్క.

2004లో జూడిత్ హెబ్డెన్ తాను కట్టిన ఒక చిన్న గ్రంథాలయాన్ని చూపించడానికి నన్ను పిలిచింది. అప్పటికి ఆమె లాన్సెస్టన్‌లోనే సొంత ఆఫీసు పెట్టుకుని మంచి పేరు తెచ్చుకుంది. కిటికీ పక్కన టీ కప్పులతో కూర్చున్నాం. చాలా బాగుందమ్మా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నేను మంచిదాన్ని కాదు సార్. ఒకసారి ఒక పని చేశాను. రోస్‌కి."

ఆమె చెబుతూ ఉంటే నా చేతిలోని కప్పు చల్లబడింది.

రోస్లిన్ గీతలో జూడిత్‌కు కనిపించినది వేరు. ఆమెది ఈ నేల మీద పుట్టినవాళ్ళ ధీమా. కొండ ఎటు, గాలి ఎటు, వాన ఎటు అని అడగకుండానే గోడ పెట్టేది. జూడిత్ ప్రతి గీతా పుస్తకం చూసి, లెక్క వేసి, చెరిపి, మళ్ళీ వేసి సాధించినది. తాను ఎంత గెలిచినా అది బట్టీ పట్టిన గెలుపే అనుకునేది. రోస్లిన్ బడికి తాటాకు టోపీలా కిందికి వాలిన చూరు ఉంది. ఫింగల్ గాలికి అలాంటిదే నిలుస్తుంది. అది ఏ పుస్తకంలోనూ లేదు.

"దాన్ని చూసిన రోజు నాకు అన్నం సయించలేదు," అంది. "ఆ రాత్రి ముందు మెట్ల తాళంచెవి తీసుకుని వెళ్ళాను. దాని కట్టడం లేపి తిప్పేశాను. 'దక్షిణం' అని దాన్ని కూడా ఒకసారి పిలవనీ అనుకున్నాను. అప్పుడే ఆ చివర... టాగర్ట్ బల్ల దగ్గర... ఏదో కదిలింది సార్. వెలుగు మిణుకుమని ఆరింది. గూడ్సు బండి పోయింది. ఆ తరువాత —"

ఎడమ చెవి మీద అరచెయ్యి కప్పుకుంది.

ఆమె కూడా తెల్లవారి తన నమూనా తిరిగి ఉండడం చూసి, అదే తీర్పు అనుకుంది. అదే కారణానికి నోరు మూసుకుంది.

ఒకరు నమ్మి చెప్పినది మరొకరికి చేరవేయడం నాకు తగినది కాదనిపించింది. ఏడాది ఊరుకున్నాను. అది మంచి పనో కాదో ఇప్పటికీ తెలియదు.

2005లో మెర్విన్ టప్ పోయాడు. అంత్యక్రియల తరువాత చర్చి హాలులో శాండ్‌విచ్‌ల బల్లకు ఆ పక్క రోస్లిన్, ఈ పక్క జూడిత్ నిలబడి ఉన్నారు. ఇరవై ఒక్క ఏళ్ళుగా మాట లేదు. ఇక ఆగలేక ఇద్దరినీ ఒక మూలకు తీసుకువెళ్ళి, మీరు నాకు చెప్పినవి ఒకరికొకరు చెప్పుకోండి, నేను వినను అని దూరంగా జరిగాను. కాని వినబడింది.

చాలాసేపు గుసగుసలు. తరువాత రోస్లిన్ గొంతు:

"అంటే ఆ ముందు తాళంచెవి తీసింది నువ్వా, ముదనష్టపుదానా."

"మరి నా పిల్లల్ని చలిలో కూర్చోబెట్టింది నువ్వు కదుటే."

నవ్వు మొదలైంది. ఇద్దరూ గోడకు జారగిలబడి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వారు. పాదిరీ గారు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు.

"అన్నీ సరే గానీ దొరసానీ," అంది రోస్లిన్ కళ్ళు తుడుచుకుంటూ, "చెవి పక్కన ఆ మీటడం ఒకటుందే... అది మాత్రం భలే చేశావు. చచ్చాననుకున్నా."

జూడిత్ నవ్వు ఆగిపోయింది.

"నేనెక్కడ చేశానే? నేను ముందు మెట్ల కొసన ఉన్నాను. నీకూ నాకూ మధ్య యాభై అడుగులు." కొంచెం ఆగింది. "అది... నువ్వు కాదూ?"

రోస్లిన్ మెల్లగా ఆమె చెయ్యి పట్టుకుంది, ఒకనాడు పైకప్పు మీదికి లాక్కెళ్ళినట్టు.

ఎవరేమయ్యారో చెప్పి ముగిస్తాను. డగ్లస్ పీచీ హోబార్ట్‌లో ఏడాదిన్నర పనిచేసి మానేశాడు. బర్నీలో స్నానాల గదులకు పలకలు అమ్ముతున్నాడు, సుఖంగా ఉన్నాడు. మెర్విన్ కథ ముగిసినది అక్కడే, ఆ హాలులో. రోస్లిన్ పురపాలక ఉద్యోగం వదిలి జూడిత్ ఆఫీసులో చేరింది; తలుపు మీద ఇప్పుడు ఇద్దరి పేర్లూ ఉన్నాయి. వాళ్ళ నమూనాల్లో కట్టడం నేలకు అతికించే ఉంటుందట. గోదామును ఫ్లాట్లుగా మార్చారు. చివరి అద్దం కింది ఫ్లాటు ఎక్కువగా ఖాళీగానే ఉంటుందని విన్నాను, అద్దె ఎక్కువ కావచ్చు.

నేను ఆ ఏడాది తరువాత మరి న్యాయనిర్ణేతగా కూర్చోలేదు. కారణం ఎవరూ అడగలేదు. ఎండ గురించి జూడిత్‌ను పొగిడిన రోజు నేను పొగిడినదాంట్లో ఎంత మెప్పు ఉందో, ఎంత కడుపుమంట ఉందో నాకు తెలుసు. యౌవనంలో నేనూ ఇళ్ళు గీయాలనుకున్నవాణ్ణే. ఆ తెల్లవారుజామున పద్నాలుగో అంకె మీద దీపం పట్టి, పేరు లేకపోయినా ఆ చెయ్యి జూడిత్‌దని పోల్చి, వీపు గోడ మీద వెలుగు పడడం చూసినప్పుడు, లోపల ఎక్కడో చిన్న తృప్తి కలిగింది. సరిగ్గా అప్పుడు నా ఎడమ చెవి పక్కన సన్నగా ఒక చప్పుడైంది. బల్బు తీగ తెగి ఉంటుందిలే అనుకున్నాను.

బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది.